తప్పు రైతుదా, వ్యవస్థదా?

రైతు నష్టపోయిన ప్రతిసారీ ఒకే మాట వింటున్నాం. "పత్తి ఎవరు వేయమన్నారు? కౌలుకు ఎవరు చేయమన్నారు?" అధికారులు అంటారు, బ్యాంకు వాళ్లు అంటారు, రచ్చబండ దగ్గర మనలో మనమూ అనుకుంటాం. నిర్ణయం రైతుదే కాబట్టి నష్టమూ అతనిదే అని దాని అర్థం.

ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో చూద్దాం. పాసు పుస్తకం యజమాని పేరు మీద ఉంటుంది కాబట్టి కౌలు రైతుకు బ్యాంకులో అప్పు పుట్టదు. పురుగుమందుల కొట్టువాడు అరువిస్తాడు, పంట తనకే తోలాలంటాడు. చాలాచోట్ల కౌలు ముందే కట్టాలి. ఈ లెక్కలో నాలుగు డబ్బులు కళ్ల చూపించే పత్తో మిర్చో తప్ప ఇంకేం వేస్తాడు? విత్తనం వేసింది రైతే, కానీ ఏ విత్తనం వేయాలో సగం ముందే తేలిపోయింది.

1897లో ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త డర్క్‌హైమ్ ఆత్మహత్యల మీద ఒక పుస్తకం రాశాడు. ఒక్కో చావు సొంత విషయంలా కనిపించినా, ఎలాంటి మనుషుల్లో ఎక్కువ జరుగుతున్నాయో లెక్క తీస్తే కారణాలు సమాజంలో కనబడతాయని చూపించాడు. ఇన్నేళ్లు గడిచినా మన దగ్గర రైతు చనిపోతే 'కుటుంబ కలహాలు', 'తాగుడు' అని రాసి పక్కన పెట్టిన దరఖాస్తులు తక్కువేమీ కాదు. ఆ కలహం ఏ అప్పు దగ్గర మొదలైందో అడిగేవారు లేరు.

అలాగని "అంతా వ్యవస్థే, మన చేతిలో ఏముంది" అనే మాటనూ మేము ఒప్పుకోం. అది తలరాతకు పెట్టిన కొత్త పేరు. ఒక్క రైతు పొలం బీడు పెడితే సోమరి అంటారు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు ఊళ్లకు ఊళ్లు కలిసి నాట్లు మానేస్తే అది పంట విరామం అయింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేయాల్సి వచ్చింది. కష్టాలన్నీ తీరలేదు, నిజమే. కానీ తప్పు రైతుదేనని తప్పించుకునే దారి మూసుకుపోయింది. 2020 నవంబరు నుంచి ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చుంటే, మూడు చట్టాలు చేసిన పార్లమెంటే వాటిని రద్దు చేసింది.

ఇక మన ఇంటి సంగతి. 2011 చట్టం కింద కౌలు రైతు రుణ అర్హత కార్డుకు యజమాని సంతకం అవసరం లేదు. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలంది. కార్డు ఇచ్చే హక్కు పంట మీదే, భూమి మీద కాదని ఆ చట్టమే చెబుతోంది. అయినా భూమి పోతుందన్న భయంతో చాలామంది సంతకం పెట్టడం లేదు. ఆ యజమానులు ఎక్కడో లేరు. మన ఊళ్లో ఉన్నారు, పక్క పట్నంలో ఉన్నారు, కొన్నిచోట్ల మన సంఘంలోనూ ఉన్నారు. వ్యవస్థ అంటే సచివాలయం ఒక్కటే కాదు, పెట్టని ఆ సంతకం కూడా.

అందుకే సంతకం షరతు తీసేయాలని ప్రభుత్వాన్ని అడుగుదాం. అది తీసేదాకా ఆగకుండా, పొలం కౌలుకిచ్చిన మన సభ్యులు ఈ ఖరీఫ్‌కు ముందే సంతకం పెట్టాలి. మిగిలిన యజమానుల దగ్గరికి కౌలు రైతును ఒంటరిగా పంపొద్దు. గ్రామ కమిటీ మొత్తం కలిసి వెళ్లాలి. ఒక్కడు అడిగితే బతిమాలినట్టుంటుంది, ఊరు అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది.