నీలగిరిలో చెట్టు తీయడమే సేవ

మొక్క నాటడమే సేవ అని మన యువతకు నేర్పాం. నీలగిరి కొండల మీద మాత్రం వాటిల్ చెట్లను తీసెయ్యాలి. అక్కడి గడ్డిమైదానాలూ, లోయల్లోని షోలా అడవులూ వానను పట్టి ఉంచి మెల్లగా వదులుతాయి. పిల్లూరు మీదుగా కోయంబత్తూరు తెలుగువాళ్ల బిందెల్లోకి వచ్చేది ఆ నీరే. ఆ గడ్డిని బంజరనుకుని మొదట తెల్లదొరలు, తరవాత (చెప్పుకోడానికే సిగ్గు) మన అటవీశాఖే వాటిల్, యూకలిప్టస్ నాటించారు. 1986లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించాక కూడా వాటిల్ పాకుతూనే ఉంది. తోడాల గేదెలకు మేత తగ్గిపోయింది. నరికి వదిలేస్తే నేలలోని విత్తనాలు మళ్లీ మొలుస్తాయి. ఏళ్ల తరబడి పీకాలి, గడ్డి నాటాలి. ఆ పని కాంట్రాక్టర్లకు కాదు, న్యాయమైన కూలితో అక్కడి ఆదివాసులకే ఇవ్వాలి. 2006 అటవీ హక్కుల చట్టం చెప్పిన మేత హక్కూ వాళ్ల చేతికి రావాలి.