స్నేహం మోసే పుస్తకాలు

హైదరాబాదులో చిక్కడపల్లి త్యాగరాయ గానసభకో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికో ఏదో ఒక ఆదివారం సాయంత్రం పుస్తకావిష్కరణకు వెళ్తే ఒక సంగతి తెలిసిపోతుంది. వేదిక మీది ఆరేడుగురిలో సగం మంది పుస్తకాలకు ఇవాళ్టి రచయిత ఎప్పుడో ఒకప్పుడు ముందుమాట రాసి ఉంటాడు, లేదా సమీక్ష చేసి ఉంటాడు. కింద కుర్చీల్లో రచయితలు కానివారు చాలావరకు ఆయన ఇంటివాళ్ళే. పుస్తకం చదవకుండా వచ్చిన వక్త ఒకరైనా ఉంటారు. సమయాభావం వల్ల పూర్తిగా చదవలేకపోయానని మొదలుపెట్టి అరగంట మాట్లాడేది ఆయనే. గాడిద పాటను ఒంటె మెచ్చుకుంటే, ఒంటె అందాన్ని గాడిద పొగిడిన పాత కథ గుర్తొచ్చి నవ్వొస్తుంది.

నవ్వుకోవచ్చు. అయితే ఆ సభ కూడా లేకపోతే ఆ పుస్తకం గతేమిటి? తెలుగులో ఇవాళ కథల పుస్తకమో కవితల పుస్తకమో వేసేది ఎక్కువగా రచయితే, తన జేబులోంచే. మూడొందల ప్రతులో ఐదొందల ప్రతులో అచ్చవుతాయి. అమ్మిపెట్టే దుకాణం కమిషన్ తీసుకోగా చేతికొచ్చేది కాగితం ఖర్చుకు సరిపోదు. వారపత్రికలు చాలావరకు మూతపడ్డాయి, దినపత్రికల్లో పుస్తక సమీక్షకు దొరికే చోటు నానాటికీ చిక్కిపోయింది. ప్రకటన ఇచ్చే ప్రచురణకర్త ఎక్కడో గానీ లేడు. ఇన్ని లేనిచోట పుస్తకం పేరు పదిమంది చెవిన పడాలంటే ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. ఆ చెప్పేవాడు తోటి రచయితే అవుతాడు, ఎందుకంటే ఈ పుస్తకం వచ్చిందని తెలిసింది అతనికే.

పైగా ఇది ఇప్పటి జాడ్యమేమీ కాదు. మనం గొప్పగా చెప్పుకునే ఆధునిక కవిత్వమంతా ఇలా స్నేహితుల భుజాల మీదే ఊరూరా తిరిగింది. 1919 ప్రాంతంలో తెనాలిలో తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రి నడిపిన సాహితీ సమితిని తీసుకోండి. ఆయన్ని సభ్యులు అన్నగారనే పిలిచేవారు. కొత్తగా రాస్తున్న కుర్రవాళ్ళకు ఒక పత్రిక, ఒక వేదిక, వినే నాలుగు చెవులు అక్కడ దొరికాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి ఊళ్ళు తిరిగి సభల్లో చదివినప్పుడు తన పద్యాలతో ఆగేవాడు కాదు. నండూరి సుబ్బారావు ఎంకి పాటలూ, ఇంకా తోటి కవుల పద్యాలూ అంతే ఇష్టంగా వినిపించేవాడు. ఆ పాటల్లోని ఎంకి, నాయుడుబావ ఇంటింటి మనుషులు కావడంలో ఇతరుల గొంతులకు చాలా వాటా ఉంది. తన కవిత్వానికి శ్రోతలు కావాలంటే ముందు ఆ రకం కవిత్వానికే శ్రోతలు తయారు కావాలని కృష్ణశాస్త్రికి తెలిసి ఉండాలి. అందులో స్వార్థం లేదనలేం. ఉన్నా ఎవరికీ నష్టం లేని స్వార్థం.

శ్రీశ్రీ సంగతి ఇంకా ఆసక్తికరం. మహాప్రస్థానం పుస్తకంగా వచ్చింది 1950లో. దానికి చలం యోగ్యతాపత్రం రాసింది 1940లో. పుస్తకానికి పదేళ్ళ ముందే ముందుమాట సిద్ధంగా ఉందన్నమాట! తెలుగులో మూలంతో సమానంగా జనం చదివిన ముందుమాట అదొక్కటేనేమో. ఆ పుస్తకాన్ని శ్రీశ్రీ అంకితమిచ్చింది కొంపెల్ల జనార్దనరావుకి. ఉదయిని పత్రిక నడిపి, ఇతరుల రచనల కోసం ఒళ్ళు గుల్ల చేసుకుని, చిన్న వయసులోనే క్షయతో పోయిన స్నేహితుడు. విశ్వనాథ సత్యనారాయణ సంగతీ సాహిత్యలోకంలో తరచూ చెప్పుకుంటారు. శ్రీశ్రీ సభలో కవితా ఓ కవితా చదివితే విశ్వనాథ కదిలిపోయి కౌగిలించుకున్నాడట, అతని కవితలను అచ్చు వేయించే బాధ్యత తనదన్నాడట. ఆ పని జరగలేదు, తర్వాత ఇద్దరూ ఎడమొహం పెడమొహం అయ్యారు. అయినా ఆ పూట ఆ మెప్పు నిజం.

వీటిని చూశాక తోటివారి స్నేహంతో పేరు తెచ్చుకోవడం తప్పని ఎవరైనా ఎలా అనగలరు? అనగలిగినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. 1928లో అక్కిరాజు ఉమాకాంతం నేటికాలపు కవిత్వం అనే పుస్తకం రాశాడు. కృష్ణశాస్త్రి తరం భావకవిత్వం ఊరేగుతున్న రోజుల్లో దాన్ని వరసపెట్టి విప్పి, ఇందులో పస ఎంత, పొగడ్త ఎంత అని నిలదీసిన పుస్తకం. ఆయన తీర్పులన్నీ నేనొప్పుకోను, కొన్నిచోట్ల పాత అలంకారశాస్త్రం కొలబద్దను మరీ గట్టిగా పట్టుకున్నాడు. కానీ ఆ పని చెయ్యగలిగింది ఆ కవుల చట్రానికి బయటివాడు కాబట్టే. లోపల ఉన్నవాళ్ళలో అంత చదువుకున్నవాళ్ళు లేక కాదు, లోపల ఉన్నారు కాబట్టే చెప్పలేదు. ఆ పుస్తకాన్ని ఛాందసమని చాలాకాలం పక్కన పెట్టేశారు, తర్వాతి తరం విమర్శకులు దుమ్ము దులిపి మళ్ళీ చదివారు.

అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. పుస్తకాన్ని పాఠకుడి దాకా తీసుకెళ్ళడం ఒక పని, అది ఎలా ఉందో చెప్పడం ఇంకో పని. స్నేహం మొదటిదాన్ని బాగా చేస్తుంది, రెండోదాన్ని దాదాపు ఎప్పుడూ పాడు చేస్తుంది. చిక్కేమిటంటే మన దగ్గర రెండూ ఒకే మనిషి చేస్తాడు. ముందుమాట రాసినవాడే సభలో మాట్లాడతాడు, ఆ ప్రసంగమే వచ్చే వారం సమీక్ష అవుతుంది, అందులోంచి రెండు వాక్యాలు మరుసటి ముద్రణలో వెనకట్ట మీదికి ఎక్కుతాయి. కొనుక్కుని చదివిన పాఠకుడు ఒకసారి మోసపోతాడు, రెండోసారి మోసపోతాడు, మూడోసారి నిజంగా మంచి పుస్తకం వచ్చినా ఆ మాటలు నమ్మడు. ఈ పొగడ్తల వల్ల ఎక్కువ దెబ్బ తినేది చెడ్డ పుస్తకం కాదు, దాని తర్వాత వచ్చే మంచి పుస్తకం.

పొగడ్త కన్నా నాకు భయం వేసేది మౌనం. ఫలానావాళ్ళ పుస్తకం గురించి మనవాళ్ళు మాట్లాడరు. విమర్శిస్తే కనీసం చదివారని తెలుస్తుంది, పుస్తకం పేరైనా పదిమందికి వినిపిస్తుంది. మాట్లాడకపోవడానికి సాక్ష్యం కూడా ఉండదు. ఏ గుంపుతోనూ లేకుండా ఎక్కడో చిన్న ఊళ్ళో బడిపంతులుగా పనిచేస్తూ నాలుగు మంచి కథలు రాసినవాడికి జరిగే అన్యాయానికి పేరు పెట్టడం కష్టం. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు కదా!

ఈ స్నేహాల తలుపులు అందరికీ ఒకేలా తెరుచుకునేవి కావన్నది కూడా చెప్పాలి. మన సాహితీ మైత్రులు పెరిగింది టీకొట్ల దగ్గర, రాత్రి పొద్దుపోయేదాకా సాగే గదుల్లో, సభ అయ్యాక జరిగే విందుల్లో. ఆడవాళ్ళు ఎంతమంది అక్కడ కూర్చోగలిగారు? ఊరి చివరి పేట నుంచి వచ్చిన కుర్రాణ్ణి ఆ గదుల్లో ఎంతమంది సమానంగా కూర్చోబెట్టుకున్నారు? ఈ ప్రశ్నకు జవాబుగా వాళ్ళు స్నేహాలను వదిలెయ్యలేదు, తమ స్నేహాలను తామే కట్టుకున్నారు. ఓల్గా సంపాదకత్వంలో 1993లో స్త్రీవాద కవితల సంకలనం నీలిమేఘాలు వచ్చింది. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ కలిసి దళిత కవితల సంకలనం చిక్కనవుతున్న పాట తెచ్చారు. విడివిడిగా ఉంటే ఎవరూ పట్టించుకోని గొంతులు ఒకచోట చేరేసరికి వినక తప్పలేదు. తలుపు మూసినవాళ్ళ చేతిలో స్నేహం ఒకలాగా, బయట నిలబడ్డవాళ్ళ చేతిలో ఇంకోలాగా పనిచేస్తుంది. రెంటినీ ఒకే గాట కట్టి ముఠాతత్వం అనడం నాకు సబబుగా తోచదు.

పెద్దల దీవెనలు మాకక్కర్లేదు పొమ్మన్నవాళ్ళూ ఉన్నారు. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. శాలువాల సంప్రదాయానికి అంతకన్నా గట్టి చెంపపెట్టు లేదు. కానీ గమనించండి, ఆ పని చేసింది ఒంటరి మనిషి కాదు, పేర్లు కూడా మార్చుకుని ఒక్కటైన ఆరుగురు. ఆ అర్ధరాత్రి ఆవిష్కరణకు వచ్చినంత ప్రచారం ఆ రోజుల్లో ఏ మంత్రిగారు చేసిన ఆవిష్కరణకూ వచ్చి ఉండదు. పెద్దల స్నేహాన్ని కాదనడానికి కూడా స్నేహితులే కావలసి వచ్చింది.

ఇప్పుడు ఇదంతా ఫేస్‌బుక్కులో, వాట్సాప్ గుంపుల్లో వేగంగా జరుగుతోంది. నెల్లూరులో రాసింది సాయంత్రానికి డాలస్‌లో చదువుతున్నారు, అది చిన్న మేలు కాదు. దానితోపాటు బాకీల లెక్క కూడా పెరిగింది. నా కవితకు గుండె గుర్తు పెట్టినవాడి కవితకు నేనూ పెట్టాలి, పెట్టకపోతే అలక. చదివాకే పెట్టాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు.

ఈ బంధాల బరువు తెలిసే మన పత్రికలు కథల పోటీలకు ఒక పద్ధతి పెట్టుకున్నాయి. కథ రాసిన కాగితాల మీద పేరు ఉండకూడదు, పేరూ చిరునామా విడిగా హామీపత్రం మీదే ఉండాలి. చదివేవాడికి ఎవరిదో తెలియకుండా చదివించడం అన్నమాట. ఊరూ పేరూ లేని ఎందరో కథకులు వెలుగులోకి వచ్చింది ఆ దారినే. 1990 నుంచి ఏటా ఆ ఏడాది కథల్లోంచి ఏరి కథాసాహితి తెస్తున్న సంకలనాల మీద కూడా ఇది ఎందుకు వేశారు, అది ఎందుకు వెయ్యలేదు అన్న తగువు ఎప్పుడూ ఉన్నదే. ఆ తగువు బాహాటంగా నడవడం మంచిదే. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో పెట్టిన కథానిలయం ఇంకో మెట్టు పైకెళ్ళింది. ఎవరి స్నేహితుడివని అడగకుండా, దొరికిన ప్రతి తెలుగు కథనూ దాచడమే దాని పని.

రామారావు ఇంకో రకంగా కూడా గుర్తొస్తారు. కొత్తవాళ్ళ కథలు ఓపిగ్గా చదివి, విని, ఎక్కడ కుంటిందో చెప్పేవారని ఆయన దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళు రాశారు. నా మొగ్గు అటే. తోటి రచయితల స్నేహం అచ్చుకు ముందు ఎంత పనిచేస్తే అంత మంచిది. ఈ మూడు కథలు తీసెయ్యి, ఆ ముగింపు అతికినట్టు లేదు, ఇంకో ఆర్నెల్లు ఆగు అని చెప్పగలిగేది స్నేహితుడే. అచ్చయ్యాక అతని పని పుస్తకం వచ్చిందని నలుగురికి చెప్పడం, ప్రతి ఒకటి కొనడం, తనకు నచ్చిన ఒక్క కథ గురించి నిజంగా చదివినవాడిలా మాట్లాడటం. సమీక్ష ఇంకెవరికైనా వదిలెయ్యాలి. తప్పనిసరిగా తనే రాయాల్సి వస్తే, ఈయన నా మిత్రుడు అని మొదటి వాక్యంలోనే చెప్పేస్తే సరి, పాఠకుడు ఎంత తగ్గించుకోవాలో అంత తగ్గించుకుని చదువుకుంటాడు.

కొత్తగా రాసేవాళ్ళు పెద్దల ఇళ్ళ చుట్టూ ముందుమాట కోసం తిరగడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. తమతోపాటు రాస్తున్న నలుగురి పుస్తకాలు కొని చదివి, బాగున్నవాటి గురించి ఎక్కడైనా రాస్తే ఎక్కువ ప్రయోజనం. ముఖపరిచయం లేనివాళ్ళ పుస్తకం ఒకటైనా అందులో ఉంటే మరీ మంచిది. ఎప్పుడో ఒకప్పుడు వాళ్ళలో ఎవరో ఒకరి రాతప్రతి చేతికొస్తుంది, అది బాగుండదు. ముందుమాట రాయలేనని, ఎందుకు రాయలేనో ఇవిగో కారణాలని ఒక కాగితం మీద రాసి ఇస్తే అతను కొన్నాళ్ళు మాట్లాడడు. ఆ కాగితం దాచుకుని ఏడాది తర్వాత తిరగరాసిన ప్రతితో వస్తే, అప్పుడు ముందుమాట రాయొచ్చు.