ధర దిగింది, జాగ్రత్త చెప్పేదెవరు?

ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రకు మన దేశంలో పేటెంట్ గడువు 2025 మార్చిలో తీరింది. అప్పటిదాకా మాత్ర ఒక్కటి దాదాపు 60 రూపాయలు. గడువు తీరడమే ఆలస్యం, దేశీయ కంపెనీలు పోటీపడి అదే మందును తమ తమ పేర్లతో మార్కెట్లోకి దించాయి. కొన్నిటి ధర పది రూపాయల లోపే. ఇదే కోవకు చెందిన డపాగ్లిఫ్లోజిన్ 2020లోనే చవకైంది. నెలకు రెండు వేల దాకా పెట్టలేక పాత మాత్రలతోనే నెట్టుకొస్తున్న కుటుంబాలకు ఇది చిన్న ఊరట కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది.

మందు మంచిదే. అందులో రెండో మాట లేదు. షుగర్‌తోపాటు గుండె జబ్బు కూడా ఉన్నవారిపై జరిపి 2015లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడినవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో సంభవించే మరణాలు 38 శాతం తగ్గాయి. తర్వాతి పరీక్షల్లో గుండె వైఫల్యానికీ, కిడ్నీల రక్షణకూ పనికొస్తుందని తేలింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ తరగతి మందులను నిత్యావసర ఔషధాల జాబితాలో చేర్చింది. నా పేచీ మందుతో కాదు, అది రోగి చేతికి చేరుతున్న తీరుతో. ధర దిగినంత వేగంగా, దానితో పాటించాల్సిన జాగ్రత్తలు ఊళ్లకు దిగలేదు.

పాత మాత్రల్లో చాలావరకు ఇన్సులిన్ చుట్టూ తిరుగుతాయి. ఇది నేరుగా కిడ్నీ మీద పనిచేస్తుంది. మన కిడ్నీలు రోజుకు సుమారు 180 గ్రాముల చక్కెరను వడపోసి, మళ్లీ రక్తంలోకే పంపిస్తాయి. ఈ మాత్ర ఆ తిరుగుదారిని కొంతమేర మూసేస్తుంది. దాంతో రోజుకు 60 నుంచి 80 గ్రాముల దాకా చక్కెర మూత్రంలో పోతుంది. అందుకే ఈ మాత్ర వేసుకునేవాళ్లు మూత్ర పరీక్ష చేయించుకుంటే ల్యాబ్ కాగితం మీద షుగర్ ఎదురుగా నాలుగు ప్లస్సులు కనిపిస్తాయి. అది మందు పనిచేస్తోందనడానికి గుర్తు. తెలియనివాళ్లు బెంబేలెత్తి పాత మాత్రల డోసు పెంచేసుకుంటారు. అసలు గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలకో, ఇన్సులిన్‌కో ఈ మందు తోడైనప్పుడు వాటి డోసు తగ్గించాల్సి రావచ్చు. లేకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోయి చెమటలు పట్టి సోలిపోయే ప్రమాదముంది.

అంతకంటే లోతైన ప్రమాదం ఇంకొకటి ఉంది. చక్కెర మూత్రంలో పోతుంటే ఒంట్లో ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. ఆ సమయంలో తిండి కూడా మానేస్తే శరీరం కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది, రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి. మామూలుగా ఈ స్థితిలో షుగర్ మూడు వందలో నాలుగు వందలో దాటి ఉంటుంది కాబట్టి ఎవరైనా పసిగడతారు. ఈ మందు వాడేవారిలో మాత్రం షుగర్ 180 దగ్గరే ఉండి కూడా రక్తం ఆమ్లమయం కావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015 మేలోనే దీనిపై హెచ్చరిక జారీ చేసింది.

మన దగ్గర ఇది ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. అరవై ఏళ్ల మనిషికి రాత్రి నుంచి వాంతులు, కడుపునొప్పి. అన్నం సయించడం లేదు, మాత్ర మాత్రం మానలేదు. తినడం లేదు కదా అని ఇన్సులిన్ ఒక్కటి ఆపేశాడు. పొద్దున ఆర్ఎంపీ వచ్చి వేలిమీద పొడిచి చూస్తే గ్లూకోమీటర్లో 170. ‘షుగర్ బాగానే ఉంది, గ్యాస్ పట్టింది’ అని ఒక ఇంజెక్షన్, ఒక సెలైన్ బాటిల్. సాయంత్రానికి ఆయాసం మొదలవుతుంది. పట్నం ఆస్పత్రికి చేర్చాక, అక్కడ కూడా ఎవరో ఒకరు మందుల సంచి కుమ్మరించి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఇందులో ఆర్ఎంపీని ఒక్కడినే నిందించి లాభం లేదు. ఇంట్లోవాళ్లకూ షుగర్ అంకె తప్ప మరొకటి చూడమని ఎవరూ చెప్పలేదు.

ఇది అరుదే. పెద్ద పరీక్షల్లో ఏడాదికి వెయ్యి మందిలో ఒకరికి అటూఇటూగా కనిపించింది. అయితే ఆ పరీక్షల్లో రోగులను ఎంపిక చేసి తీసుకున్నారు, క్రమం తప్పకుండా పిలిచి చూశారు. మన దగ్గర పాత చీటీతో, ఒక్కోసారి చీటీ కూడా లేకుండా, ఖాళీ స్ట్రిప్ చూపించి కొనుక్కునేవాళ్లే ఎక్కువ. వైద్యుడి చీటీ లేకుండా అమ్మరాదని ఆ స్ట్రిప్ మీదే ముద్రించి ఉంటుంది. ఆ ముద్రను పట్టించుకునే షాపులు ఎన్ని ఉన్నాయో పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

పైగా మన తిండీ, నోములూ వేరు. శివరాత్రికి పచ్చి మంచినీళ్లయినా ముట్టనివాళ్లున్నారు, రంజాన్ నెలంతా రోజా పాటించేవాళ్లున్నారు. మే నెల రెంటచింతల ఎండలో కూలికి వెళ్లేవాళ్లకు అసలే ఒంట్లో నీరు నిలవదు. ఈ మాత్ర మూత్రాన్ని ఇంకా పెంచుతుంది. బీపీకి నీరు తీసే మాత్ర కూడా వేసుకుంటుంటే కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఇక అన్నం, రొట్టె పూర్తిగా మానేసి కొవ్వులతోనే కడుపు నింపుకునే డైట్లు తెలుగునాట ఎంత ఊపు ఊపాయో తెలిసిందే. అలాంటి డైటూ ఈ మాత్రా ఒకే ఒంట్లో కలవడం నిప్పు పక్కన పెట్రోలు పెట్టడమే. డైట్ సంగతి డాక్టర్‌కు చెప్పరు, మాత్ర సంగతి డైట్ చెప్పినాయనకు చెప్పరు.

ఆడవాళ్ల విషయంలో మరో మౌనం ఉంది. మూత్రంలో చక్కెర పోతుంటే జననాంగాల దగ్గర ఫంగస్ చేరి దురద, మంట పుడతాయి. ఇది అరుదు కాదు. మగవాళ్లకూ వస్తుంది, ఆడవాళ్లకు ఎక్కువ. మూత్రం పోసిన ప్రతిసారీ నీళ్లతో కడుక్కుని తడి లేకుండా తుడుచుకోమని మొదటి రోజే చెబితే చాలావరకు తగ్గించవచ్చు, వచ్చినా తేలిగ్గా నయమవుతుంది. ఎవరూ చెప్పరు. వాళ్లు సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోరు, ఏదో అంటుకుందని లోలోపల కుమిలిపోతారు, చివరికి మాత్ర మానేస్తారు. గుండెకు మేలు చేసే మందు దురద పేరున చెత్తబుట్టలో పడుతోంది.

పేర్ల గందరగోళం సరేసరి. స్ట్రిప్ మీద కంపెనీ పెట్టిన పేరు ఒకటి, అసలు మందు పేరు మరొకటి, అవీ ఇంగ్లిషులో. మూడు మందులు కలిపిన మాత్రలో ఇది ఉన్నా రోగికి తెలియదు. గుండె డాక్టర్ ఒక పేరుతో, షుగర్ డాక్టర్ మరో పేరుతో ఒకే తరగతి మందు రాస్తే రెండూ మింగేసే అవకాశం ఉంది.

దీనికి కోట్ల రూపాయల పథకం అక్కర్లేదు. ఈ మందు అమ్మిన ప్రతి పెట్టెలో తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో ఒక చిన్న కాగితం ఉండాలని రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ విభాగాలు కేంద్రాన్ని గట్టిగా అడగాలి. ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగర్ చూస్తున్న ఏఎన్ఎంలకూ ఆశా కార్యకర్తలకూ ఒక్క పూట శిక్షణ చాలు. ఈ మాత్ర వాడే మనిషికి వాంతులు, ఆయాసం ఉంటే షుగర్ ఎంత ఉన్నా వెంటనే పెద్దాస్పత్రికి పంపాలి, అక్కడ రక్తంలో కీటోన్లు చూడాలి. ఈ రెండు వాక్యాలు వాళ్లకు నోటికి రావాలి. మోకీలు, హెర్నియా, గర్భసంచి లాంటి ఆపరేషన్లకు కనీసం మూడు రోజుల ముందు ఈ మందు ఆపాలన్నది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచన. ఆపరేషన్‌కు ముందు నింపే ప్రతి ఫారంలో ఈ మందు వాడుతున్నారా అన్న ప్రశ్న ఒకటి చేర్చడానికి ఖర్చేముంది?

మీ ఇంట్లో షుగర్ మాత్రల స్ట్రిప్పులు ఒకసారి తిప్పి చూడండి. ‘గ్లిఫ్లోజిన్’తో ముగిసే పేరుంటే భయపడి మానేయకండి. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు, జబ్బు చేసి తిండి మానినా, ఉపవాసమున్నా, ఆపరేషన్ ఉన్నా దీన్ని ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడిగి, ఆ జవాబును చీటీ మీదే తెలుగులో రాయించుకోండి.