బ్రూక్లిన్ రేవు కలహము

అమెరికాలోని మద్యనిషేధకాలమును గూర్చి మన పట్టణములలో ముచ్చటించువారు తఱచుగా రెండు మాటలు చెప్పుచుందురు. నిషేధశాసనమే హంతకులను పుట్టించినదని యొకమాట. ఐరిషువారును ఇటాలియనులును పుట్టుకతోనే కలహప్రియులు గనుక రేవులలో నెత్తురు ప్రవహించినదని రెండవమాట. చలనచిత్రములు చూచి యేర్పఱచుకొన్న యీ యభిప్రాయములు రెండును మాకు సమ్మతములు గావు. న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్ రేవున 1920 మొదలు 1928 వఱకు జరిగిన హత్యలను కాలక్రమమున బరిశీలించినవారికి మద్యముకంటెను జాతికంటెను బలమైన కారణ మొకటి కానవచ్చును. అది కూలివానిని పనిలో బెట్టుకొను పద్ధతి.

నౌకాదళపు కర్మశాల మొదలుకొని రెడ్‌హుక్ వఱకు ఆ తీరమున ఓడలు సరకు దింపు జెట్టీలు వరుసగా నుండెడివి. అచ్చట ముందుగా స్థిరపడినవారు ఐరిషువారు. 1845లో బంగాళాదుంపల పైరునకు తెగులు సోకి జనులు లక్షలకొలది ఆకటికి మాడుచుండగా, ఆంగ్లప్రభుత్వపు కన్నులయెదుటనే ఐర్లాండునుండి ధాన్యము ఓడలకెక్కి పోవుచుండెను. (కఱవులో ధాన్యమెగుమతి యన నెట్లుండునో మన దేశీయులకు వేఱుగ జెప్ప నక్కఱలేదు.) ఆ కఱవు తఱిమిన జనమే న్యూయార్కు రేవులలో మూటలు మోసినది. 1887లో జరిగిన పెద్దసమ్మె తరువాత దక్షిణ ఇటలీనుండి వచ్చిన బీదరైతులు ఆ పనిలో ప్రవేశింపసాగిరి. తక్కువకూలికి దొరకిన క్రొత్తవాడు కంపెనీకి ఇష్టుడు, పాతవానికి శత్రువు. ఒకే మతమునకు జెందిన రెండు బీదజాతుల నడుమ వైరమునకు ఇంతకంటె వేఱు విత్తనము కావలయునా?

ఇక పనిలో బెట్టుకొను విధానము. ఉదయమున కూలీలందఱును జెట్టీవాకిట అర్ధవలయముగ నిలువవలెను. మేస్త్రీ వచ్చి వ్రేలు చూపినవానికి పని; చూపనివానికి ఆపూట పస్తు. దీనిని వారు ‘షేప్-అప్’ అందురు. ఓడ యెప్పుడు వచ్చునో నిశ్చయము లేదు. కావలసిన మనుష్యులకంటె నిలిచియున్నవారు ఎల్లప్పుడును హెచ్చే. కూలిలో భాగమును మేస్త్రీకి సమర్పింప సిద్ధముగ నున్నవాడు చెవిమీద పంటిపుల్ల పెట్టుకొని నిలుచుట గుర్తుగ నుండెడిదట! చేతిలో కాసు లేనివాడు మేస్త్రీకి సన్నిహితుడైన వడ్డీవ్యాపారియొద్ద అప్పుచేసిన పని సులభముగ లభించును; ఆ యప్పు తీఱకయుండుటయే ఆ పనికి హామీ. ఇట్టిచోట ఆ వ్రేలిని ఏలువాడే రేవునకు రాజు. ఓడలవారు సరకు చెడకుండుటకు, కూలివాడు పొట్టగడుపుకొనుటకు, అందఱును వానికి కప్పము గట్టవలసినదే.

మన రేవులలో మూటలు మోయు జట్టును ‘ముఠా’ యందుము. దొంగలగుంపును ‘ముఠా’ యే యందుము. ఆంగ్లభాషయందును ఈ రెంటికి నొకేమాట వాడుకలో నున్నది. బ్రూక్లినులో ఆ రెండర్థములును ఒక్కటియే యైపోయెను.

బెదిరింపులేఖలు వ్రాసి ధనము గుంజు ఇటాలియనులకు ‘నల్లచేయి’ యను పేరుండగా, దానికి ప్రతిగా ఐరిషుముఠావారు ‘తెల్లచేయి’ యను పేరు దాల్చిరి. వారి నాయకుడు డిన్నీ మీహాను 1920 మార్చి 31వ తేదీన తన యింటనే కాల్చబడెను. అతనితరువాత, మొదటి ప్రపంచయుద్ధమున పోరాడివచ్చిన బిల్ లవెట్ రేవును బట్టెను. 1923 నవంబరు 1వ తేదీన అతడును హతుడయ్యెను. లవెట్ బావమఱదియైన లోనెర్గన్, కొయ్యకాలివాడు, మూడవ నాయకుడు. 1925 క్రిస్మసు రాత్రి గడచి తెల్లవారకముందే ఇటాలియనుల క్లబ్బొకదానిలో అతనిని, వెంటనున్న యిరువురిని గాల్చిచంపిరి. ఆ సందర్భమున పోలీసులు పట్టినవారిలో బ్రూక్లినునందే పుట్టిన ఆల్ కపోను ఒకడు. ఎవ్వరికిని శిక్ష పడలేదు. ఇటాలియనుల పక్షమున మొనగాడైన ఫ్రాంకీ యేల్ 1928 జూలై 1వ తేదీన పట్టపగలు మోటారుకారులో పోవుచు హతుడయ్యెను. అతనిని జంపించినవాడు ఐరిషువాడు గాడు. ఒకప్పుడు అతనియొద్దనే సారాయంగడిలో కొలువుచేసిన కపోనేయని లోకము నమ్మినది. మీహాను హత్యవిషయమునను స్వజనులమీదనే యనుమానము గల్గినది. జాతివైరమే మూలమైనచో ఈ సొంతనెత్తురు ఎట్లు చిందినది?

మద్యనిషేధమునకు ఇందు పాత్ర లేదని మే మనము. 1920 జనవరి 17వ తేదీన శాసనము అమలైనది మొదలు మూడుమైళ్ల హద్దునకావల సారాయోడలు లంగరువేసి నిలిచెడివి. 1924లో బ్రిటనుతో జేసికొన్న యొడంబడికచే ఆ హద్దు ఓడ గంటసేపు పోగలిగిన దూరమునకు జరుపబడెను. రేవు చేతిలోనున్నవానికి ఈ వ్యాపారమువలన వచ్చిన లాభము అపారము. కాని మీహాను చచ్చునాటికి శాసనము వయస్సు రెండున్నర నెలలు మాత్రమే. తెల్లచేయి దానికి ఎంతో ముందుదే. 1933 డిసెంబరు 5వ తేదీన నిషేధము రద్దయినది. రేవుముఠాలు రద్దయినవా? లేదు. నిషేధము వారికి ధనము నిచ్చినది, జన్మము నీయలేదు. మనదేశమున నిషేధచర్చ వచ్చినప్పుడెల్ల అమెరికా నుదాహరించువారు ఈ తేదీలను గూడ నుదాహరింపవలెను.

అటుపైని జరిగిన కథ మఱింత విచిత్రము. రేవుకూలీల సంఘమునకు 1927 మొదలు 1953 వఱకు అధ్యక్షుడుగ నుండిన జోసెఫ్ రాయన్ ఐరిషు సంతతివాడు. 1943లో సంఘమువారు అతనిని ఆజీవనాధ్యక్షునిగ జేసిరి. బ్రూక్లిన్ శాఖలను వెనుకనుండి నడపినవారు ఆల్బర్టు అనస్తాసియా మొదలగు ఇటాలియనులు. నిన్న కత్తులు దూసికొన్నవారు కూలివాని జేబువిషయమున నేడు ఏకగ్రీవులైరి! ఆ జేబును గాపాడుకొందమని తోడికూలీలను సభలు గూర్చిన పీటర్ పాంటో యను ఇటాలియను యువకుడు 1939 జూలై 14వ తేదీన ఇల్లువెడలి మరల రాలేదు. 1941 జనవరిలో అతని శవము న్యూజెర్సీలో నొక గుంటనుండి బయటపడెను. ఆ హత్యకును శిక్ష లేదు. చలనచిత్రములలో కపోనునకు దక్కిన కీర్తిలో వేయవపాలు ఈ కూలివానికి దక్కకపోవుట మాకు విచారకరముగ నున్నది.

ఇది యెవ్వరిదో దూరపుకథ యని చదువరులు తలంపరాదు. 1930 మే నెలలో రంగూను రేవున మన తెలుగుకూలీలు, అనగా బర్మావారు కోరంగీలని పిలిచినవారు, కూలి హెచ్చింపుమని సమ్మెకట్టిరి. స్టీవెడోరు కంపెనీలు బర్మాకూలీలను దెచ్చి పని నడపించెను. సమ్మె తీఱినది, మే 26వ తేదీన తెలుగువారు పనికి మరలివచ్చిరి. బర్మావారిని ఇక పనిలేదు పొమ్మనిరి. జెట్టీయొద్ద పుట్టిన కొట్లాట నగరమెల్ల వ్యాపించి వందకు మించిన ప్రాణములను గొన్నది. చచ్చినవారిలో పెక్కుమంది మనవారే. అచ్చటను కూలివానికి బయానా యిచ్చి, కూలిలో కోతకోసి, ఓడకు గుంపుగ నప్పగించినవాడు మేస్త్రీయే. అచ్చట సారానిషేధము లేదు, ఐరిషువారు లేరు, ఇటాలియనులు లేరు.

మార్గాంతరము లేకపోలేదు. 1934లో అమెరికా పశ్చిమతీరమున కూలీలు సమ్మెచేసిరి. ఆస్ట్రేలియానుండి వచ్చిన హారీ బ్రిడ్జెస్ వారికి నాయకుడు. జూలై 5వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో పోలీసుల కాల్పులచే ఇద్దఱు మరణించిరి. ఆ యేటి అక్టోబరులో వచ్చిన మధ్యవర్తుల తీర్పుచే పనియప్పగించు కార్యాలయము వెలసినది. పేర్లుపిలుచు గుమాస్తాను ఎన్నుకొను హక్కు సంఘమునకు వచ్చినది. వంతుప్రకారము పని దొరకసాగినది. మేస్త్రీవ్రేలు ముడుచుకొన్నది. న్యూయార్కులో మాత్రము ఆ వ్రేలిని ముడిపించుటకు 1953 వఱకు బట్టినది. ఆ యేడు న్యూయార్కు, న్యూజెర్సీ రాష్ట్రములు రెండును గలసి రేవుసంఘము నొకదానిని నియమించి షేప్-అప్‌ను మాన్పించెను. పశ్చిమతీరము చూపిన త్రోవ కన్నులయెదుట నుండగా పందొమ్మిదేండ్లు ఆలస్యమేల జరిగినది? ఆ పందొమ్మిదేండ్లును ఓడల కంపెనీలును, ఆజీవనాధ్యక్షుడును షేప్-అప్‌తో సంతృప్తులై యుండిరి. పాంటో అదృశ్యుడైనది ఆ నడిమికాలముననే.