పాతరమేత మొక్కజొన్న: తూకం కాదు, పొడి పదార్థం చూడాలి

పాతరమేత (సైలేజీ) కొరకు మొక్కజొన్న వేయదలచిన రైతు మొదట అడిగే ప్రశ్న, ఎకరాకు ఎన్ని టన్నుల పచ్చిమేత వస్తుందని. కొనుగోలుదారు సైతం తరచు పచ్చి తూకానికే ధర కడుతున్నాడు. ఈ కొలమానమే రకం ఎంపికను, విత్తే తేదీని తప్పుదారి పట్టిస్తున్నదని నా అభిప్రాయం. 20 శాతం పొడి పదార్థం గల 20 టన్నుల మేతలో పశువుకు దక్కే సారం 4 టన్నులే. 33 శాతం గల 16 టన్నులలో అది 5 టన్నులు దాటుతుంది. తక్కినదంతా నీరు. ఆ నీటిని మోసిన బండి కిరాయి అదనం.

ఆఫ్రికన్ టాల్ వంటి ఎత్తయిన మేత రకాలు పూత దశలో కోసి పచ్చిగా మేపడానికి మేలైనవే. పాతరమేతకు మాత్రం బలం కంకిలో ఉంది. కాండం ముదిరేకొద్దీ దాని జీర్ణత తగ్గుతుంది. ఆ లోటును పూడ్చేది గింజలోని పిండిపదార్థమే. కనుక కోత దశలోనూ ఆకు పచ్చగా నిలిచే డి.హెచ్.ఎం. 117 వంటి గింజ సంకరాలను, ఒత్తుగా చల్లక, గింజ పంటకు వలెనే సాళ్లలో విత్తడం ఉచితం. గింజలో పాలకు, గట్టిపడిన పిండికి నడుమనున్న గీత సగం దిగినప్పుడు మొక్కలో పొడి పదార్థం సుమారు 30-35 శాతానికి చేరుతుంది. అంతకు ముందు కోస్తే పాతర నుండి రసం కారిపోతుంది. మరీ ఆలస్యమైతే మేత గట్టిగా అణగక, గాలి నిలిచి బూజు పడుతుంది.

విత్తే తేదీని ఈ దశ నుండి వెనుకకు లెక్కించాలి. జూన్ మధ్యలో విత్తిన పైరు సెప్టెంబరు వానలలో కోతకు వస్తుంది; తడిసిన మేత, బురదలో దిగబడే యంత్రం. అక్టోబరు చివరి నుండి నవంబరు మధ్య వరకు విత్తినది చల్లని రాత్రులలో నిదానంగా ఎదిగి, గింజ బాగా పోసుకొని, పొడి వాతావరణంలో చేతికందుతుంది. నీటి వసతి ఉన్నచోట పాతరమేతకు ఇదే అసలైన అదను. కోస్తా వరి మాగాణులలో విత్తడం జనవరి చివరకు జారితే పూత మార్చి ఎండలలో పడుతుంది. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించితే పుప్పొడి శక్తి తగ్గి, కంకులు బోసిపోతాయి. అటువంటి పొలంలో మేత జొన్న వేసుకోవడమే నయం.

ప్రయోగ ఫలితాల పట్టికలలో పచ్చిమేత దిగుబడి పక్కనే పొడి పదార్థం, కంకి వాటా, విత్తిన తేదీ కూడా చూపాలి. పాడి సంఘాలు పొడి పదార్థాన్ని బట్టి ధర నిర్ణయించడం ఆరంభిస్తే రైతు లేతమేత కోయడం మానుకుంటాడు. కొలిచే సాధనం లేని చోట, తరిగిన మేతను పిడికిట పిండి చూడవచ్చు: వేళ్ల సందుల నుండి నీరు కారితే ఆ పైరు ఇంకా కోతకు రాలేదు.