దీపా ధన్‌రాజ్ సినిమాలు మన ఊరికి రావాలి

తెలుగులో మహిళా దర్శకులు ఎవరని అడిగితే చప్పున గుర్తొచ్చే పేర్లు కొన్నే. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ భాషల్లో తీసిన భానుమతి. ‘చిన్నారి పాపలు’ తీసిన సావిత్రి. 44 సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కిన విజయనిర్మల. ఈ తరానికొస్తే 2011లో ‘అలా మొదలైంది’తో నిలబడ్డ నందినీరెడ్డి. మహిళా దినోత్సవం వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో, టీవీల్లో ఇవే పేర్లు తిరుగుతాయి. హైదరాబాద్‌లో పుట్టి, నాలుగు దశాబ్దాలకు పైగా కెమెరాను వదలని దీపా ధన్‌రాజ్ పేరు మాత్రం ఈ వరుసలో ఎవరూ కలపరు. ఆమె తీసినవి ఎక్కువగా డాక్యుమెంటరీలు. వాటికి పోస్టర్లు పడలేదు, టికెట్లు తెగలేదు. ఆ ఒక్క కారణంతో ఆమెను పక్కన పెట్టడం మన సినిమా చరిత్రకే నష్టం అని నా అభిప్రాయం.

భానుమతికి సొంతంగా భరణీ సంస్థ ఉండేది. విజయనిర్మలకూ సొంత బ్యానర్ ఉండేది. పెట్టుబడి తమ చేతిలో ఉండబట్టే వాళ్లు మెగాఫోన్ పట్టగలిగారు. అందులో తప్పేమీ లేదు, ఆ రోజుల్లో ఆడమనిషి దర్శకత్వం చేయాలంటే అంతకు మించిన దారి లేదు. దీపా ధన్‌రాజ్‌కు స్టూడియో లేదు, బ్యానర్ లేదు. ఆమె నిలబడింది ఆడవాళ్ల సంఘాల మీద. స్వతంత్ర దర్శకురాలు అనగానే అందరికీ దూరంగా, ఒంటరిగా తన కలను తెరకెక్కించే మనిషి మన ఊహలో మెదులుతుంది. ఈమె విషయంలో ఆ ఊహ పనిచేయదు. ఇంటిపనివాళ్ల సంఘానికి, పొగాకు కూలీల యూనియన్‌కు, స్త్రీల బృందాలకు కట్టుబడినందువల్లే నిర్మాతకు, పంపిణీదారుకు, సర్కారుకు జవాబు చెప్పుకోవలసిన అవసరం ఆమెకు లేకుండా పోయింది.

ఎమర్జెన్సీ ముగిసి మూడేళ్లయింది. 1980లో దీపా, ఛాయాగ్రాహకుడు నవ్‌రోజ్ కాంట్రాక్టర్, అభా భయ్యా, మీరా రావు కలిసి బెంగళూరులో ‘యుగాంతర్’ అనే బృందాన్ని కట్టారు. 1983 వరకు నాలుగు సినిమాలు తీశారు. పుణే ఇంటిపనివాళ్ల సమ్మె, సంఘం మీద ‘మోల్కరీణ్’. నిపాణి పొగాకు కార్మికుల మీద ‘తంబాకు చాకిలా ఊబ్ ఆలీ’. హైదరాబాద్‌లోని స్త్రీవాద బృందం స్త్రీశక్తి సంఘటనతో కలిసి తెలుగులో ‘ఇది కథ మాత్రమేనా?’. చిప్కో ఉద్యమంలోని ఒక మహిళ మీద ‘సుదేశా’.

వీటిలో రెండోది మా కోటగిరి మండలంలో ఎవరికి చూపించినా ఎవరూ వివరించి చెప్పాల్సిన పని ఉండదు. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చేయని ఊరు వెతికినా దొరకడం కష్టం. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారిన చోట వరి, చెరకు పండాయి. ఆ పొలాల పక్కనే ఉన్న ఇళ్లలో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బతుకులు వెళ్లదీశారు. తునికాకును రాత్రి నానబెట్టాలి, పొద్దున కత్తెరతో కొలతకు కత్తిరించాలి, చిటికెడు తంబాకు వేసి చుట్టాలి, మూతి మడిచి దారం కట్టాలి. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. కార్ఖానాకు తీసుకుపోతే అక్కడ కొన్ని పక్కన పడేస్తారు. ఆకు తక్కువ పడితే సొంత డబ్బుతో కొనుక్కోవాలి. బీడీల పని వచ్చిన పిల్లకు సంబంధం తొందరగా కుదురుతుందని ఈ వైపు పెద్దవాళ్లు అనుకున్న రోజులున్నాయి. 2015లో బోధన్ షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలా ఇళ్లకు ఈ చాటే ఆధారమైంది. పీఎఫ్ ఉన్న బీడీ కార్మికులకు తెలంగాణ వచ్చాక పింఛను దక్కింది గానీ, నడుం నొప్పికి, దగ్గుకు మాత్రం విరుగుడు రాలేదు.

నిపాణి ఇప్పుడు కర్ణాటకలోని బెళగావి జిల్లాలో ఉంది. మనలాగే మహారాష్ట్ర సరిహద్దు ఊరు. బీడీ తంబాకుకు పేరు మోసిన చోటు. అక్కడి కార్ఖానాల్లో పొగాకు దంచి, జల్లించి, దుమ్ములో ఊపిరాడక పనిచేసే మూడు వేల మంది ఆడవాళ్లు యూనియన్‌గా ఏర్పడి సమ్మె చేశారు. దీపా బృందం నాలుగు నెలల పాటు వాళ్ల మాటలు విన్నది. ఏం తీయాలి, ఎలా తీయాలి అన్నది వాళ్లతో కూర్చునే తేల్చుకున్నది. జరిగిపోయిన సమ్మె ఘట్టాలను ఆ ఆడవాళ్లే కెమెరా ముందు మళ్లీ చేసి చూపించారు.

జరిగిపోయినదాన్ని మళ్లీ చేయించి తీస్తే అది డాక్యుమెంటరీ ఎలా అవుతుందని అడిగేవాళ్లుంటారు. ప్రశ్న సబబే. అయితే ఒకటి ఆలోచించాలి. సమ్మె జరిగిన నాడు అక్కడ కెమెరా లేదు. యజమాని గోడల లోపల జరిగేది బయటివాళ్ల కంట పడే వీలే లేదు. అప్పుడు సాక్ష్యం ఎవరి దగ్గర ఉంటుంది? ఆ పని చేసిన ఒంటిలోనే ఉంటుంది. దుమ్ములో ఎలా వంగుతారో, జల్లెడ ఎలా ఆడిస్తారో, మేస్త్రీ ముందు ఎలా తలదించుకుంటారో ఏ రచయితా వాళ్లకు నేర్పక్కర్లేదు. తమ బతుకును తామే చేసి చూపిస్తూ, మధ్యలో ఆగి అది సరిగా రాలేదని చెప్పే హక్కు ఆ కార్మికులకు దక్కింది. దర్శకుడి మాటే శాసనమనుకునే మన పరిశ్రమలో ఈ పద్ధతిని ఊహించడం కూడా కష్టమే. దీపా చేసిన పనిలో అసలు కొత్తదనం ఇదేనంటాను.

‘ఇది కథ మాత్రమేనా?’ మన భాషలో వచ్చిన సినిమా, అయినా మనమే తక్కువ చూసిన సినిమా. చదువుకున్న మధ్యతరగతి ఇంట్లో, బయటికి గొడవలేమీ కనిపించని కాపురంలో, ఒక ఆడమనిషి కొద్దికొద్దిగా కుంగిపోవడం అందులో కథ. స్త్రీశక్తి సంఘటన సభ్యులు తమ అనుభవాలను ముందేసుకుని మాట్లాడుకుంటూ అల్లిన కథ ఇది. ఆ సినిమా వచ్చిన 1983లోనే భార్యను హింసించడాన్ని నేరంగా గుర్తించే 498ఏ సెక్షన్ శిక్షాస్మృతిలో చేరింది. ఇంట్లో జరిగేది ఇంటి విషయమేనని పోలీసులు, పెద్దమనుషులు తిప్పి పంపే కాలంలో, దానికి ఒక పేరు పెట్టి నలుగురిలో మాట్లాడుకునే వీలు ఈ చిన్న సినిమా కల్పించింది. ఇప్పటికీ మన పంచాయితీల్లో సర్దుకుపొమ్మనే తీర్పే ఎక్కువ. ఈ సినిమా పాతబడకపోవడానికి కారణం మనమే.

ఆ తర్వాత దీపా హైదరాబాద్ పాతబస్తీకి వెళ్లారు. 1984 ఆగస్టులో ఎన్టీ రామారావును గద్దె దించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టినప్పుడు నగరంలో మతకల్లోలాలు చెలరేగాయి. కర్ఫ్యూ మధ్య, ఊరేగింపుల మధ్య ఆ రోజులను పట్టుకుని 1986లో ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ తీశారు. రెండు మతాలవాళ్లు కొట్టుకున్నారని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, ఆ గొడవ వల్ల ఎవరి రాజకీయం గట్టెక్కింది, ఎవరి ఇల్లు కాలింది, ఎవరి కూలి పోయింది అని విడదీసి చూపిన సినిమా అది. మన రాష్ట్ర రాజకీయ చరిత్ర చదివే ప్రతి విద్యార్థీ చూడాల్సింది. ఏ పాఠ్యపుస్తకమూ అంత నిక్కచ్చిగా చెప్పదు.

1991 నాటి ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’ కుటుంబ నియంత్రణ క్యాంపుల గుట్టు విప్పింది. బ్రిటన్‌లోని చానల్ ఫోర్ డబ్బుతో తీశారు కాబట్టి దాన్ని స్వతంత్ర చిత్రం అనవచ్చా అనే సందేహం కొందరికి ఉంది. డబ్బు ఎక్కడిదన్న దానికన్నా సినిమా ఎవరి పక్షాన నిలబడిందన్నదే నాకు ముఖ్యం. పశువుల్లా వరుసలో పడుకోబెట్టి ఆపరేషన్లు చేస్తున్న దృశ్యం పక్కనే, కొందరు స్త్రీలు కూర్చుని తమ శరీరం గురించి తామే గీసుకుంటూ, నవ్వుకుంటూ మాట్లాడుకోవడం ఆ సినిమాలో ఉంది. ఒకవైపు లెక్కలు, టార్గెట్లు. మరోవైపు ఆ లెక్కల్లో అంకెగా మారిన మనిషి. క్యాంపు ఆపరేషన్ చేయించుకుని ఎడ్లబండి మీద ఇంటికొచ్చిన అమ్మలు మా వైపు ఎంతమందో ఉన్నారు. పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగాన్ని ప్రశ్నించి స్త్రీశక్తి సంఘటన తదితరులు 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆ పోరాటం తెలిసినవాళ్లకు ఈ సినిమా మూలాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

2011లో తమిళనాడు ముస్లిం మహిళల జమాత్ మీద ‘ఇన్వోకింగ్ జస్టిస్’ తీశారు. 2018లో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం మీద, దాని తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఉద్యమం మీద ‘వియ్ హావ్ నాట్ కమ్ హియర్ టు డై’ తీశారు. ఇరవైల్లోని దళిత విద్యార్థుల మాటలను మధ్యలో అడ్డుకోకుండా, తన వ్యాఖ్యానం కలపకుండా వినిపించారు. నిపాణిలో నాలుగు నెలలు విని నేర్చుకున్న గుణమే ఇక్కడా పనిచేసింది.

2023లో కేరళ అంతర్జాతీయ డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఉత్సవం ఆమెకు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చింది. యుగాంతర్ సినిమాల పాత ప్రతులను బాగుచేసి, భద్రపరిచే పని బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ చేసింది. కేరళ గుర్తించింది, జర్మనీ దాచిపెట్టింది. ఆమె పుట్టిన నగరం, ఆమె కెమెరా పెట్టిన వీధులు, ఆమె సినిమాల్లో వినిపించిన భాష మనవి. మన ప్రభుత్వాలు చేసిందేమిటి? ఆనాడు ప్రొజెక్టర్ మోసుకుని బస్తీలకు, యూనియన్ ఆఫీసులకు వెళ్లి చూపించిన సినిమాలవి. ఇవాళ ఎక్కువగా ఫిల్మోత్సవాల్లో, విశ్వవిద్యాలయాల సెమినార్లలోనే కనిపిస్తున్నాయి. ఎవరి కోసం తీశారో వాళ్లకే దూరమయ్యాయి.

బాన్సువాడలో తీసిన ‘ఫిదా’ 2017లో విడుదలైనప్పుడు మా పక్క ఊళ్లన్నీ తెర మీద తమను తాము చూసుకుని మురిసిపోయాయి. మన పలుకు, మన పొలాలు సినిమాకు పనికొస్తాయని అప్పుడు తెలిసింది. మన ఆడవాళ్ల పని కూడా సినిమాకు పనికొస్తుందని దీపా ధన్‌రాజ్ అంతకు ముప్పై అయిదేళ్ల ముందే రుజువు చేశారు.

‘ఫిదా’ నిర్మాత దిల్ రాజు ఈ జిల్లా బిడ్డ. 2024 డిసెంబరులో తెలంగాణ చలనచిత్ర అభివృద్ధి సంస్థ అధ్యక్షుడిగా నియమితులయ్యారు. ఆయనకు నా విన్నపం ఒక్కటే. నిపాణి కార్మికుల సినిమాకు తెలుగు మాట జోడించి, ‘ఇది కథ మాత్రమేనా?’తో కలిపి, ముందుగా ఈ జిల్లాలోనే చూపించండి. నిజామాబాద్ ఆడిటోరియంలో ఒక ఆటతో సరిపెట్టకుండా కోటగిరి, వర్ని, బోధన్‌లలోని, పక్క జిల్లా బాన్సువాడలోని మహిళా సమాఖ్య భవనాల దాకా తీసుకురండి. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం పిల్లలను ఆ ప్రదర్శనలకు పంపండి. బీడీలు చేసే తల్లికి పుట్టి, రేపు కెమెరా పట్టాలనుకునే అమ్మాయి వాళ్లలో ఉండొచ్చు. దీపా ధన్‌రాజ్‌ను కూడా పిలవండి. సినిమా అయ్యాక మా ఆడవాళ్లు ఆమెతో మాట్లాడాలి.