ఆ ఎర్రని కన్నీళ్లు నెత్తురు కాదు!

వినాయకుడి వాహనమంటూ పిల్లలు ముచ్చటపడి పెంచుకుంటున్న తెల్ల ఎలుక కళ్లచుట్టూ తెల్లారేసరికి ఎర్రటి మరకలు! ఇంటిల్లిపాదీ బెంబేలు. నిజానికది నెత్తురు కాదు... కంటి వెనకున్న గ్రంథి నుంచి ఊరే పోర్ఫిరిన్ అనే రంగు పదార్థం. బెదిరినా, జబ్బుచేసినా ఎక్కువవుతుంది. దాంతోపాటు గురక, ఆయాసం, బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం మైకోప్లాస్మా బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్ని పట్టిందేమోనని అనుమానించాల్సిందే. ఎలుకలు నలతను పైకి కనిపించనివ్వవు. మనకు తెలిసేసరికే ముదిరిపోతుంది. అందుకే సొంతవైద్యం వద్దు. మేడిపల్లి వాళ్లయితే కోరుట్ల పశువైద్య కళాశాలలో అడిగి చూడొచ్చు. ఈలోగా పంజరం శుభ్రంచేసి, వెచ్చగా ఉంచండి. మూత్రం ఘాటు జబ్బును పెంచుతుంది. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. దాని ఆయుష్షే 2, 3 ఏళ్లు. అందులో ఒక్కరోజు ఆలస్యమైనా ఎక్కువే!